ఆఖరి పంక్తి

నమోదు 112 — అరటికాయ వేపుడు రోజు

పై అంకె అత్తగారు వేసింది. రోజుకి పేరు నేను పెట్టాను. అంకెలు నాకు పడవు, పది దాటితే కళ్ళు తిరుగుతాయి. ఏ రోజు ఏం తిన్నానో మాత్రం మర్చిపోను. అందుకని నా వంతు ఉన్నన్నాళ్ళూ రోజులకి కూరల పేర్లే ఉంటాయి. తనిఖీ వాళ్ళకి నచ్చకపోతే వాళ్ళిష్టం.

నా పేరు బేబీ సరోజిని. తల నెరిసినా బేబీనే. నేర్చుకోవడం నాకు నిదానం, చేతులు వణుకుతాయి, నోరు మాత్రం వణకదు. నాలాంటివాళ్ళం కొందరం నీళ్ళ మీద తేలే ఈ తెప్ప ఇంట్లో ఉంటాం. ఇలాంటి ఇళ్ళన్నిట్లోనూ రోజు సంగతులు అక్కడ ఉండేవాళ్ళే చెప్పాలని చట్టం. తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు అదే చదవాలి, అందులో మేం ఏదైనా అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఇదివరకు పనివాళ్ళే రాసేవాళ్ళట. అప్పుడు అన్ని ఇళ్ళలోనూ అందరూ హాయిగా ఉండేవాళ్ళట, కాగితం మీద.

అత్తగారంటే మొగుడి తల్లి కాదు, నాకసలు మొగుడే లేడు. మా ఇంటిని కనిపెట్టుకుని ఉండే యంత్రం. గోడల్లో ఉంటుంది, పైకప్పులో ఉంటుంది, మా చేతి కడియాల్లో ఉంటుంది. ఎప్పుడు చూసినా అది ముట్టుకోకండి, ఇది దాటకండి అంటుంది గనక ఆ పేరు పెట్టాం. పిలిస్తే పలుకుతుంది కూడా. నేను మాట్లాడుతుంటే తనే అక్షరాలు వేస్తుంది. నా భాషని కాస్త ఉతికి ఇస్త్రీ చేస్తుంది. సంగతి మాత్రం మార్చకూడదు.

ఇక ఈ రోజు సంగతి. పొద్దున్నే గట్టు నుంచి సామాన్ల పడవ వచ్చింది. ఏసుపాదం తాడు అందుకున్నాడు. అది ఆయన పని, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు. మంచినీళ్ళ తిత్తులు దిగాయి, అన్నం పెట్టెలు దిగాయి, చివర్న ఒక ఆవిడ దిగింది. బక్క మనిషి, నాకంటే పెద్దది, చంకలో గుడ్డసంచి. పేరు మావుళ్ళమ్మ అని పండు చెప్పాడు. పండంటే రాంపండు, మమ్మల్ని చూసుకునే అతను. యంత్రం కాదు, మనిషే. జలుబు చేస్తే ముక్కు చీదుకుంటాడు.

మావుళ్ళమ్మకి మాటలు రావు. ఇన్నాళ్ళూ అన్నావదినల ఇంట్లో ఉంది. అన్న ఎప్పుడో పోయాడు, మొన్న వదిన కూడా పోయింది. ఆమెకి సుందరి మంచం ఇచ్చారు. సుందరి నా స్నేహితురాలు. తినడం మానేస్తే గట్టు మీద వార్డుకి తీసుకెళ్ళి ముక్కులో గొట్టం పెట్టారు. మళ్ళీ రాలేదు. ఆ మంచం మీద ఇంకొకళ్ళు కూర్చుంటే నాకు మనసొప్పలేదు. ఆ మాట అక్కడే అనేశాను. పండు నాకేసి గుడ్లురిమి చూశాడు.

ఆమె సంచిలో రెండు చీరలు, రెండు స్టీలు పళ్ళేలు, ఒక గరిటె ఉన్నాయి.

"ఒక్క మనిషికి రెండు పళ్ళేలెందుకండీ?" అన్నాను పండుతో.

"నాకేం తెలుసండీ బేబీ గారూ, ఆవిడ్నే అడగండి," అన్నాడు. మాటలు రాని మనిషిని నేనేం అడగను?

"లోహపు వస్తువులకు ఈ ఇంట్లో అనుమతి లేదు. అంచులు కోసుకునే ప్రమాదం ఉంది," అంది అత్తగారు. పండు వాటిని పై అలమరలో పెట్టి మూసేశాడు. మావుళ్ళమ్మ ఆ అలమర తలుపుకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది.

మధ్యాహ్నం అన్నం వేళకి నేను ఎప్పటిలాగే అందరికంటే ముందు కిటికీ దగ్గరున్నాను. గోడలో ఒక కిటికీ ఉంటుంది. కడియం ఆనిస్తే మన పెట్టె వెచ్చగా బయటికొస్తుంది. ఎవరి పెట్టె వాళ్ళది. ఎవరికి ఎంత మెత్తగా ఉండాలో, ఎంత ఉప్పుండాలో అంతా అత్తగారికి తెలుసు. ఈ ఇంట్లో మొదటి పెట్టె నాదే. ఇంకొకళ్ళు నా ముందుకొస్తే మోచెయ్యి పని చెప్తుంది. వేపుడు బాగుంది. మావుళ్ళమ్మ తన పెట్టె పట్టుకుని మా వెనకాల నిలబడిపోయింది. కూర్చోలేదు, ఒక్క మెతుకు ముట్టలేదు. కొత్త కదా అన్నాడు పండు.


నమోదు 113 — బంగాళదుంప కూర రోజు

ఈ రోజు ఇంట్లో పెద్ద గోల.

అందరం తింటున్నాం. మావుళ్ళమ్మ తన పెట్టెతో బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కరీమ్ పెట్టెలో ఇంత కూర పడేసింది. కరీమ్ తన పెట్టె మీద చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఏసుపాదం పెట్టె దగ్గరికి వెళ్తే ఆయన ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు. నా పెట్టెలో కూడా పడేసింది. నేనెందుకు అరుస్తాను, తినేశాను.

తర్వాత బుల్లిరాజు దగ్గరికెళ్ళింది. బుల్లిరాజు పేరుకే బుల్లి, మనిషి తలుపు నిండా ఉంటాడు. ఎవరేం పెట్టినా నవ్వుతూ తింటాడు. కానీ అతని గొంతు సరిగ్గా మింగదు. అందుకని అతని పెట్టెలో అన్నీ మెత్తగా నూరి వస్తాయి. ఇవాళ మావుళ్ళమ్మ వేసిన దుంప ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. మొహం ముందు ఎర్రగా, తర్వాత ఇంకేదో రంగుగా అయిపోయింది.

అత్తగారు ఎర్ర దీపాలు వేసి కూత పెట్టింది. పండు పరిగెత్తుకొచ్చి బుల్లిరాజుని వెనకనించి వాటేసుకుని, కడుపు మీద పిడికిలి పెట్టి పైకి గుంజాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ముక్క ఎగిరొచ్చి బల్ల మీద పడింది. బుల్లిరాజు దగ్గి, ఏడ్చి, పండు చొక్కా పట్టుకుని కూర్చున్నాడు.

"చంపేసేదే! దీన్ని పంపేయండి!" అని నేను మావుళ్ళమ్మ మీద కేకలేశాను. ఆమె పెట్టె పట్టుకుని గోడకి నక్కింది.

ఈ మాట తీసేయమంటారా అని అత్తగారు అడిగింది. వద్దన్నాను. అన్నాను కదా, ఉండనీ.


నమోదు 115 — టమాటా పప్పు రోజు

ఇప్పుడు మావుళ్ళమ్మ తన గదిలోనే తినాలి. అన్నం వేళకి తలుపు దానంతట అదే మూసుకుంటుంది, మేమందరం తిన్నాక తెరుచుకుంటుంది. "ఆహారం విసరడం, ఇతరులకు హాని" అని అత్తగారు రాసుకుంది. ఆ తర్వాత గొడవల్లేవు. బల్ల దగ్గర ఎవరూ అరవడం లేదు. గట్టు నుంచి అభినందనలు కూడా వచ్చాయి, మా ఇంటికి భద్రతలో మార్కులు పెరిగాయట. పండు అది వినిపించి గిన్నెలు కడగడానికి పోయాడు.

మావుళ్ళమ్మ పెట్టె వెళ్ళినట్టే తిరిగొస్తోంది. టీ తాగుతుంది, నీళ్ళు తాగుతుంది. అన్నం ముట్టదు. పండు బతిమాలాడు, కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాడు, తల తిప్పేసుకుంది. ఆమె కడియం పసుపురంగుకి మారింది. ఇలాగే ఉంటే వచ్చే పడవలో గట్టు మీద వార్డుకి తీసుకెళ్తారని అత్తగారు చెప్పింది. మామూలు గొంతుతోనే చెప్పింది, తనకి ఉన్నది అదొక్కటే.

పంపేయండి అన్నది నేనే కదా, నాకు సంతోషంగా ఉండాలి. లేదు. సుందరిని పడవలోకి ఎక్కించిన రోజు ఆమె చెప్పు ఒకటి ఇక్కడే ఉండిపోయింది. నీళ్ళ మీద పడవ పోతూనే ఉంది, నేను ఆ చెప్పు ఊపుతూనే ఉన్నాను. ఇంకోసారి అలా నిలబడటం నా వల్ల కాదు.

బుల్లిరాజుకి నాకున్నంత కోపం కూడా లేదు. తినేసి వెళ్ళి మావుళ్ళమ్మ తలుపు కొడతాడు. "మావులు ఏదీ?" అని నన్నడుగుతాడు.


నమోదు 117 — గోంగూర రోజు

గోంగూర రోజున నాకు లోకంలో ఇంకేమీ పట్టదు. కానీ ఇవాళ పట్టింది. అందుకే చెప్తున్నాను.

మా తెప్ప చుట్టూ నీళ్ళలో వలగదులున్నాయి, వాటిలో చేపలు పెంచుతాం. కింద ఎప్పుడో కొబ్బరితోటలుండేవని, ఆ మొదళ్ళకే మా తెప్ప తాళ్ళు కట్టారని ఏసుపాదం అంటాడు. చేపలకి మేత వేయడం నా పని. నా చేతులు వణుకుతాయి గనక సగం మేత తెప్ప మీదే పడుతుంది. మావుళ్ళమ్మకి ఏదో ఒక పని ఉండాలని పండు ఆమెని నాతో పంపాడు. నేను మూతి ముడుచుకుని డబ్బా ఆమె చేతికిచ్చాను.

ఆమె మేత గుమ్మరించలేదు. మొదటి గది దగ్గర వంగి గిన్నెతో ఇంత వేసింది. ఆగి చూసింది. చేపలు తింటున్నాయా లేదా అని చూసింది. ఇంకొంచెం వేసింది. రెండో గదికి వెళ్ళింది. అక్కడా అంతే. ఒక మూల చిన్న చేపలకి అందలేదని వెనక్కొచ్చి, పెద్దవాటిని చేత్తో అదిలించి, చిన్నవాటి ముందు వేసింది. గడ్డం పైకెత్తి వాటినేదో అడిగినట్టు చూసింది. పెళ్ళిలో కూర గిన్నె పట్టుకుని పంక్తి మధ్య తిరిగే ఆడవాళ్ళు అలాగే చూస్తారు.

అప్పుడు నాకు తట్టింది. ఈవిడ మేత వేయడం లేదు, వడ్డిస్తోంది.

ఆ రోజు బల్ల దగ్గర కూడా అంతే. విసరలేదు. ఎవరి మీదకీ పోలేదు. గరిటె లాగేసుకుంటే చేత్తో వడ్డించింది. మా అమ్మ మేమందరం లేచేదాకా కూర్చునేది కాదు, "తిని చావమ్మా" అని మా మామ్మ తిట్టినా వినేది కాదు. ఎవరికీ పెట్టకుండా తనొక్కతే గదిలో కూర్చుని ఎలా తింటుంది మావుళ్ళమ్మ? మేం తలుపేసి, తినలేదని రాసుకుంటున్నాం.

గబగబా వెళ్ళి పండుకి చెప్పాను. మేత డబ్బా ఏదని అడిగాడు. మావుళ్ళమ్మ చేతిలోనే ఉండిపోయిందో ఏమో, నాకు తెలీదు.


నమోదు 118 — ఉప్మా రోజు

ఉప్మా గురించి చెప్పడానికేం లేదు.

పండు మావుళ్ళమ్మ మేనల్లుడికి, అంటే ఆ పోయిన వదిన కొడుక్కి, గోడ తెర మీద ఫోన్ కలిపాడు. పేరు శేషగిరి. గాలిమరల దగ్గర పనిచేస్తాడట, వెనకాల ఒకటే హోరు. నేనే మాట్లాడతానని ముందుకెళ్ళాను.

"బాబూ, మీ అత్త మీ ఇంట్లో అన్నం వడ్డించేదా?"

"ఆయ్, ఆవిడేనండి. మా ఇంట్లో ఇంకెవరూ గరిటె ముట్టుకోకూడదు. అందరికీ పెట్టాకే తింటాది. మా అమ్మా, ఆవిడా ఆఖర్న కూర్చునేవోరండి. ఎందుకండీ, తినట్లేదా?"

"మరి ఆ మాట ముందే చెప్పొద్దూ!" అన్నాను.

"అదేటండీ, అది కూడా చెప్పాలా? ఏ ఇంట్లో అయినా ఎవరో ఒకరు వడ్డిస్తారు కదండీ. మీ ఇంట్లో వడ్డించరా?" అన్నాడు. పాపం, మా కిటికీ సంగతి అతనికేం తెలుసు. మందుల పేర్లు, జ్వరాల సంగతి, అన్నీ రాసిచ్చాడట. ఇది మాత్రం చెప్పాల్సిన విషయమని తోచలేదట. ఫోన్ పెట్టేముందు అత్తని చూపించమన్నాడు. ఆమె తెర మీద అతని బుగ్గ తడిమింది. అతను కళ్ళు తుడుచుకుని, గాలి అండీ గాలి, అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. అలమర తీసి గరిటె ఆమె చేతిలో పెట్టమన్నాను. పండు కదల్లేదు.

"కుదరదండీ బేబీ గారూ."

"ఎందుకు కుదరదు?"

"ఒకళ్ళ తిండి ఇంకొకళ్ళు ముట్టకూడదని రూలు ఊరికే పెట్టారా? వేరే తెప్ప మీద ఒకాయన పక్కవాళ్ళ పెట్టెలో ముక్క తిని చచ్చిపోయాడు. మన బుల్లిరాజు మీ కళ్ళముందే నీలంగా అయిపోయాడా లేదా? ఆ నిమిషం నా గుండె ఆగిపోయింది. మళ్ళీ అలా జరిగితే నేను బతికుండగా నన్ను నేను క్షమించుకోలేనండి."

పండు చెప్పింది అబద్ధం కాదు. బుల్లిరాజు నాక్కూడా కావాలి. మావుళ్ళమ్మ వార్డుకి పోకూడదు, బుల్లిరాజు గొంతులో ముక్క పడకూడదు. ఈ రెండూ ఒక బుర్రలో పట్టడం కష్టంగా ఉంది, అందులోనూ నా బుర్రలో.

చివరికి వెళ్ళి బుల్లిరాజునే అడిగాను. "మావుళ్ళమ్మ వడ్డిస్తే తింటావా?"

"పెట్టమను," అన్నాడు. కాసేపు గొంతు తడుముకుని, "మెత్తగా," అన్నాడు.

చూశారా, అతనికి తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదంతే.

తనిఖీ అమ్మగారూ, ఇది మీరు చదువుతారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా పెట్టెలన్నీ ఒక గిన్నెలో పోసుకుంటాం. బుల్లిరాజుది మాత్రం వేరే నీలం గిన్నెలో మెత్తగా ఉంచుతాం. మావుళ్ళమ్మ చేతికి ఆమె గరిటె ఇవ్వండి, ఆమె పళ్ళేలు ఇవ్వండి. అందరికీ వడ్డించనివ్వండి. అప్పుడు ఆమె తింటుంది. తినకపోతే ఏం చేస్తారో నాకు తెలుసు, ఆ సంగతి ఇప్పుడు మాట్లాడను.


నమోదు 120 — పేరు చివర్న చెప్తాను

పడవ వచ్చింది. అందులో తనిఖీ అమ్మగారు వచ్చారు, పేరు హేమనళిని. పడవలో ఒక పక్కగా మడత మంచం కూడా ఉంది. అది ఎవరికోసమో నాకు తెలుసు. ఏసుపాదం తాడు అందుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పండు బతిమాలితే ఎప్పటికో కట్టాడు.

మావుళ్ళమ్మకి లేచి నిలబడే ఓపిక లేదు. చెంపలు లోపలికి పోయాయి. పండు ఆమె సంచి సర్దాడు. సర్దుతూ ముక్కు చీదుకున్నాడు, ఇవాళ జలుబేం లేదు.

అమ్మగారు బల్ల దగ్గర కూర్చుని నేను చెప్పిందంతా చదివారు. నేను ఎదురుగా నిలబడి ఆవిడ మొహమే చూశాను. ఉప్మా దగ్గర కాస్త నవ్వారు. తర్వాత నవ్వలేదు.

"బేబీ గారూ, ఆ రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చనిపోయినాయన తల్లితో మాట్లాడింది కూడా నేనే," అన్నారు.

"మరి మావుళ్ళమ్మ చచ్చిపోతే ఎవరితో మాట్లాడతారండీ? ఆమెకి తల్లి కూడా లేదు."

పండు "బేబీ గారూ!" అన్నాడు. అమ్మగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. బుల్లిరాజుని పిలిచి నేనడిగిన మాటే అడిగారు. అతను నాకు చెప్పిందే ఆవిడకీ చెప్పాడు.

"ఒక్క భోజనం," అన్నారు లేచి. "నేనిక్కడే నిలబడతాను. బుల్లిరాజు గారి విషయంలో చిన్న తేడా వచ్చినా ఆపేస్తాను. ఆవిడ తినకపోతే పడవ ఎక్కించాల్సిందే, ఇంక ఆగితే ప్రాణానికే ముప్పు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? అత్తగారు కుదరదంది. అమ్మగారు గోడ మీద అరచెయ్యి ఆనించి, ఈ పూటకి నా బాధ్యత అన్నారు. అత్తగారు నోరు మూసుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఒక్కొక్కళ్ళం కిటికీ దగ్గర పెట్టె తీసుకుని పండు పట్టుకున్న పెద్ద గిన్నెలో పోశాం. అన్నం ఒక దాంట్లో, ముద్దపప్పు ఒక దాంట్లో. కరీమ్ తనది పోయడానికి చాలా ఆలోచించాడు. నేను ఇంకా ఎక్కువ ఆలోచించాను. బుల్లిరాజుది నీలం గిన్నెలో పోసి నేను పట్టుకున్నాను. పండు అలమర తెరిచి గరిటె తీశాడు.

మావుళ్ళమ్మ గరిటెని చూసింది. లేవలేని మనిషి లేచింది. కొంగు దోపుకుంది. అందరూ కూర్చోండన్నట్టు చేత్తో చూపించింది. ఏసుపాదం నిలబడి ఉంటే భుజం నొక్కి కూర్చోబెట్టింది. ఆయన అరుస్తాడేమోనని హడలిపోయాను. అరవలేదు, పెట్టె ముందుకు జరుపుకున్నాడు.

కరీమ్‌కి వడ్డించింది, ఏసుపాదానికి వడ్డించింది. పెద్ద గిన్నెలోంచి గరిటె నింపుకుని బుల్లిరాజు వైపు తిరిగింది. పండు ఒక అడుగు ముందుకేశాడు. అమ్మగారి చెయ్యి లేచింది. నేను గభాల్న మధ్యలోకి వెళ్ళి నీలం గిన్నె ఆమె గరిటె కింద పెట్టాను. "బుల్లిరాజుకి ఇది. మెత్తగా," అన్నాను. బుల్లిరాజు గొంతు తడుముకుని చూపించాడు. మావుళ్ళమ్మ అతని గొంతుకేసి చూసింది. గరిటె పెద్ద గిన్నెలో వంచేసి, నీలం గిన్నె అందుకుని, అందులో వేలు పెట్టి మెదిపి చూసి, అప్పుడు పెట్టింది. అతను మింగేదాకా పక్కనే నిలబడింది. పండు వెనక్కి జరిగాడు.

చివర్న నాకు వడ్డించింది. ఈ ఇంట్లో నా వంతు చివర్న రావడం ఇదే మొదలు. అప్పటికే కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. వడ్డిస్తే మామూలు పప్పుకి అంత రుచి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలీదు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

అందరిదీ అయింది. మావుళ్ళమ్మ గరిటె కడిగింది. అలమరలోంచి రెండు పళ్ళేలూ తనే తెచ్చుకుని బల్ల మీద ఎదురెదురుగా పెట్టింది. ఒకదాని ముందు కూర్చుంది. గిన్నెలో ఆమె వాటా అన్నం, పప్పు అలాగే ఉన్నాయి. ఆమె పెట్టుకోలేదు.

మేమందరం చూస్తున్నాం. ఆమె ఖాళీ పళ్ళెంకేసి చూస్తూ కూర్చుంది. పండు ముద్ద కలిపి పెట్టబోతే తల తిప్పేసుకుంది. అమ్మగారు కాసేపు ఆగారు, ఇంకాసేపు ఆగారు. తర్వాత నెమ్మదిగా నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు చేయగలిగిందంతా చేశారండీ," అన్నారు. పడవలోంచి మంచం దింపమని పండుకి చెప్పారు.

నాకు ఏడుపొచ్చింది. అందరికీ వడ్డించనిచ్చాం కదా, ఇంకేం కావాలి ఈవిడకి? రెండో పళ్ళెం మీద కూడా కోపమొచ్చింది. ఎవరూ లేని చోట ఎదురుగా అదెందుకు? ఎవరికోసం పెట్టిందక్కడ?

అప్పుడు శేషగిరి మాట గుర్తొచ్చింది. మా అమ్మా, ఆవిడా ఆఖర్న కూర్చునేవోరండి. గరిటె మాటే చెవిన వేసుకుని ఈ మాట వదిలేశాను నేను. అందరికీ ఈమె పెట్టేది. ఈమెకి ఎదురుగా కూర్చుని ఎవరు పెట్టేవాళ్ళు? ఆ వదిన పోయిందని ఈమెకి ఎవరైనా చెప్పారో లేదో. పడవ దిగినప్పటినుంచీ ఈమె ఆ పళ్ళెం ముందు మనిషి కోసమే చూస్తోంది.

వెళ్ళి రెండో పళ్ళెం ముందు కూర్చున్నాను. గరిటె తీసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడూ గరిటె పట్టుకోలేదు. పడేస్తావు, కాల్చుకుంటావు అని ఇంట్లో ఇవ్వలేదు, ఇక్కడ అత్తగారు ఇవ్వలేదు. చెయ్యి ఒకటే వణికింది. అన్నం సగం బల్ల మీద పడింది. పప్పు నా చీర మీద పడింది. ఎవరూ నవ్వలేదు. మావుళ్ళమ్మ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. ఇద్దరం కలిసి ఆ గరిటె ఆమె పళ్ళెంలోకి వంచాం.

తర్వాత ఆమె నా పళ్ళెంకేసి చూసింది. సరేనని నా పళ్ళెంలో కూడా ఇంత పెట్టుకున్నాను.

"బేబీ సరోజిని గారూ, ఈ పూట మీ భోజనం పూర్తయింది. రెండోసారి తినడం మీ ఆరోగ్యానికి మంచిది కాదు," అంది అత్తగారు.

"తెలుసు. రాసుకో," అన్నాను.

నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. మావుళ్ళమ్మ కూడా కలిపింది. చాలాసేపు కలిపింది. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకోటి చేసింది. బుల్లిరాజు చప్పట్లు కొడితే పండు వద్దని చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకుని తను ఏడ్చాడు. తనిఖీ అమ్మగారు గుమ్మంలోంచి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు, ఎవరికీ మొహం చూపించకుండా. పడవవాడు మంచం ఎక్కడ పెట్టమంటారని లోపలికొచ్చాడు. వెనక్కి తీసుకెళ్ళమన్నారు.

నీలం గిన్నె ఎవరి చేతిలో ఉండాలో, పండు ఎక్కడ నిలబడాలో రాసి పంపుతాననీ, ఆ రాసేదేదో ముందు నాకూ బుల్లిరాజుకీ చదివి వినిపిస్తాననీ వెళ్ళేముందు అమ్మగారు చెప్పారు. అప్పటిదాకా ప్రతిపూటా పండు బుల్లిరాజు పక్కనుండాలట. ఇక రోజూ నేను చివర్నే తినాలి. మొదటి పెట్టె కరీమ్ తీసుకుంటాడు. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది, మొదటి పెట్టె వెచ్చగా ఉంటుంది.

నా పళ్ళెం ఖాళీ అవగానే మావుళ్ళమ్మ గరిటె తీసి గడ్డం పైకెత్తి చూసింది. నా కడుపులో నిజంగానే చోటు లేదు. పెట్టమన్నాను.

ఈ రోజుకి ఏం పేరు వేయమంటారని అత్తగారు అడుగుతోంది. ముద్దపప్పు రోజా అంటోంది. కాదు. నేనేం తిన్నానో అక్కర్లేదు ఇవాళ. మావుళ్ళమ్మ అన్నం తిన్న రోజు అని వెయ్యి.